లాభం, రెండు, మూడు

మా మనవరాలికి మూడూ ఎనిమిదీ కూడడం వచ్చు. ఎనిమిదీ మూడూ కూడడం కూడా వచ్చు. ఆ రెండూ ఒకటేనంటే మాత్రం ఒప్పుకునేది కాదు. రెండో క్లాసు పిల్లకి ఇంత మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందా అని నేను విసుక్కున్నప్పుడల్లా మా వారు పేపరు కాస్త పైకెత్తి, దాని వెనకాల నవ్వుకునేవారు. నా పోలికేనని ఆయన ఉద్దేశం.

పిల్ల మా దగ్గరికి ఈమధ్యే వచ్చింది. మా అబ్బాయి తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లులో మిషన్లు చూస్తాడు. కోడలు అక్కడే ఆస్పత్రిలో నర్సు. వారం మారితే ఆవిడ డ్యూటీ మారిపోతుంది. అందుకని పిల్ల పసితనం నుంచీ కొల్లేటికోటలో కోడలి పుట్టింట్లో పెరిగింది. అక్కడ మా వియ్యంకుడుగారికి చేపల చెరువు ఉంది. ఒకటో క్లాసు అక్కడే చదివింది. రెండో క్లాసుకి భీమడోలులో మా ఇంటికి తీసుకొచ్చాం. తీసుకొచ్చాం అనడం మర్యాదకి గానీ, పట్టుబట్టి తెచ్చుకున్నది నేను. ఇన్నాళ్లూ మీరు పెంచారు, ఇక మా వంతు అన్నాను. స్టేషను పక్కనే కాబట్టి గూడెం నుంచి తల్లీతండ్రీ ఎప్పుడంటే అప్పుడు రైలెక్కి రావచ్చన్నాను. లెక్కలు నేనే దగ్గర కూర్చుని చెబుతానని కూడా అన్నాను. ఏలూరులో పుట్టి పెరిగి, అక్కడే బీకాం చదివినదాన్ని, ఆ మాత్రం ధీమా ఉండదా?

పిల్ల వచ్చిన కొత్తలో వీధిలో అందరూ పిలిచి పలకరించేవారు. మీ వాళ్లెవరెవరమ్మా అని అడిగితే వేళ్లు ఒక్కొక్కటే మడుస్తూ చెప్పేది. కోట తాతయ్య, కోట అమ్మమ్మ, అమ్మ, నాన్న, భీమడోలు తాతయ్య, మామ్మ. ఎవరడిగినా అదే వరస. పొద్దున్నే జడలు వేసేది నేను. చేపల పులుసులో ముళ్లు ఏరి పెట్టేది నేను. వర్షంలో గొడుగు పట్టుకుని బడికి తీసుకెళ్లేది నేను. ఒక చెయ్యి పూర్తిగా అయిపోయి రెండో చేతికి వెళితే గానీ నా పేరు వచ్చేది కాదు. మా వారికైనా మొదటి చేతిలో చోటు దొరికింది. పైకి నవ్వేదాన్ని గానీ లోపల భగ్గుమనేది.

బడి తెరిచిన కొన్నాళ్లకి క్లాసు టీచరుగారు నన్ను ఆపారు. చిన్న వయసు, మెత్తగా మాట్లాడతారు.

"ఏమీ అనుకోకండి మామ్మగారూ. పాప చక్కగా చదువుతుందండీ. పద్యాలు కూడా బాగా అప్పజెబుతుంది. కూడికల్లోనే మరీ వెనకబడిపోతోందండి. ఒక లెక్క అయ్యేసరికి మిగతా పిల్లలు పేజీ తిప్పేస్తున్నారు. దసరా సెలవుల ముందు ఒకసారి కూర్చోబెట్టి చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ ఏడాది ఒకటో క్లాసులోనే ఉంచితే పాపకే మంచిదండి."

ఆ మాట కోడలికి ఫోనులో చెప్పాను. ఆవిడ "ఒకటో క్లాసే అయితే అక్కడెందుకండీ అత్తయ్యా, కోటకే పంపేద్దాం. దానికి అలవాటైన చోటు కదండీ," అంది. ఆవిడ కటువుగా ఏమీ అనలేదు. అయినా వడ్డించిన విస్తరి ముందు నుంచి లాగేసినట్టయింది నాకు. అంటే దసరా లోపల ఈ పిల్లకి కూడికలు రాకపోతే పిల్ల నాకు దక్కదు. ఆ సాయంత్రం నుంచే యుద్ధం మొదలుపెట్టాను.

పిల్ల కూడే పద్ధతి చూస్తే ఓపిక ఉన్నవాళ్లకి కూడా నీరసం వస్తుంది. మూడు ప్లస్ ఎనిమిది అని రాసి ఉందనుకోండి. ముందు మూడు వేళ్లు మడుస్తుంది. తర్వాత ఎనిమిది మడవడం మొదలుపెడుతుంది. పది దగ్గర వేళ్లు అయిపోతాయి. అప్పుడు వేళ్లన్నీ విప్పేసి, ఎక్కడున్నానో మర్చిపోయి, మళ్లీ మొదటికి వస్తుంది.

"పెద్ద అంకెని మనసులో పెట్టుకోవే. ఎనిమిది అనుకో. తర్వాత మూడే వేళ్లు. తొమ్మిది, పది, పదకొండు. అయిపోయింది."

"మూడు ముందుంది కదా మామ్మా."

"ఉంటే ఉంది. ఏది ముందైనా ఒకటే."

"ఒకటి కాదు."

నేను చదువుకున్న రోజుల్లో దీన్ని స్థిత్యంతర ధర్మం అని బట్టీ పట్టించారు. ఆ పేరు చెబితే పిల్ల గౌరవంగా విని, మళ్లీ మూడు వేళ్లు మడిచింది. ఇలా కాదని చింతపిక్కలు తీశాను. ఇటు మూడు, అటు ఎనిమిది. ఇటునుంచి లెక్కపెట్టించాను, పదకొండు. అటునుంచి లెక్కపెట్టించాను, పదకొండు. గెలిచాననుకుని చూస్తే పిల్ల నా మొహంలోకి జాలిగా చూసింది.

"రెండూ పదకొండే మామ్మా. కానీ అది వేరే పదకొండు."

లెక్కల చరిత్రలో ఇలాంటి జవాబు ఎవరైనా విన్నారో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం తల తిరిగిపోయింది.

ఆ రోజు భోజనాల దగ్గర కూడా వదల్లేదు. పప్పన్నం ముందు తిని పెరుగన్నం తర్వాత తిన్నా, పెరుగన్నం ముందు తిని పప్పన్నం తర్వాత తిన్నా కడుపు నిండేది ఒకేలాగ కదా అన్నాను. పిల్ల కళ్లు పెద్దవి చేసి, "అయితే నువ్వు తిని చూపించు," అంది. మా వారు గంభీరంగా పెరుగు గిన్నె నా వైపు జరిపారు. మాట అన్నాక వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. పెరుగన్నం ముందు తిని, దాని మీద ముద్దపప్పూ ఆవకాయా కలుపుకుని తిన్నాను. ఆ పూట నోరు ఎంత పాడైందో చెప్పలేను. మా వారు నింపాదిగా చెయ్యి కడుక్కుంటూ, "ఎలా ఉందండీ మీ ధర్మం?" అని అడిగారు. కోపమొస్తేనో, ఏడిపించాలనిపిస్తేనో ఆయన నన్ను అండీ అంటారు.

కిటుకు ఎక్కడుందో అనుకోకుండా తెలిసింది. ఒకరోజు బట్టలు ఆరేసి వస్తుంటే పిల్ల అరుగు మీద కూర్చుని చింతపిక్కలు తనలో తను లెక్కపెట్టుకుంటోంది. నా దగ్గర ఎప్పుడూ పెదాలు కదిపి లెక్కపెట్టేది గానీ పైకి వినిపించేది కాదు. ఇప్పుడు వినిపించింది.

"లాభం, రెండు, మూడు, నాలుగు..."

బుట్ట అక్కడే పెట్టేసి నిలబడిపోయాను. ఆ మాట విని ఎన్నాళ్లయిందో. నేను కాపరానికి వచ్చిన కొత్తలో మా మామగారు కళ్లంలో ధాన్యం కొలిపించేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవారు కాదు, లాభం అనేవారు. ఒకటి అంటే ఒకటితోనే ఆగిపోతుందేమోనని, శుభమా అని లాభంతో మొదలుపెట్టేవారు. కోత మిషన్లూ కాటాలూ వచ్చాక మా వైపు ఆ మాట వినపడడం మానేసింది.

పిల్ల పక్కన కూర్చుని మెల్లిగా అడిగాను. దాచకుండా చెప్పింది. కోటలో చేపలు పట్టిన రోజున ట్రేలు లారీకి ఎత్తేటప్పుడు మొదటి ట్రేని ముట్టుకుని లాభం అని పిలిచేది ఈవిడేనట. చిన్నపిల్ల నోట అనిపిస్తే కలిసొస్తుందని వాళ్ల నమ్మకం. కోట తాతయ్యదీ ఆయన తమ్ముడిదీ పక్కపక్క చెరువులు, చేపలు వెళ్లేది ఒకే లారీ మీద. ఎవరివి ముందు గట్టెక్కితే వాళ్ల ట్రే దగ్గర లాభం అనాలి.

"ఒకసారి నేను చిన్న తాతయ్య ట్రే దగ్గర ముందు లాభం అనేశాను. కోట తాతయ్య ఆ రోజు అన్నం తినలేదు మామ్మా."

అప్పుడు నాకు అర్థమైంది. మూడు ప్లస్ ఎనిమిది అని కాగితం మీద ఉంటే ముందు గట్టెక్కింది మూడు. ఎనిమిది దగ్గర మొదలుపెడితే మూడుకి అన్యాయం జరిగినట్టు. మొత్తం పదకొండే అయినా లాభం ఎవరిదో మారిపోయింది కాబట్టి అది వేరే పదకొండు. నేనిన్నాళ్లూ మొత్తం గురించి మాట్లాడుతున్నాను, పిల్ల మర్యాద గురించి మాట్లాడుతోంది. ముద్దొచ్చింది, ఒళ్లు మండింది కూడా. వెంటనే వియ్యంకుడుగారికి ఫోను చేశాను.

"ఏంటండీ అన్నయ్యగారూ, పిల్లకి ఏం నేర్పి పంపించారండీ?"

"నేనేం నేర్పుతానండీ చెల్లెమ్మగారూ. అందరం పిలిచినట్టే అదీ పిలిచింది. అన్నట్టు, ఆదివారం చెరువులో చేపలు పడుతున్నామండి. పాపని తీసుకురండి. అది వచ్చి పిలవకపోతే మా వాళ్లెవరూ ట్రే ఎత్తరు." మళ్లీ తనే అన్నారాయన, "అక్కడ చదువు కష్టంగా ఉంటే ఇక్కడే ఉంచేయండి. మాకేం బరువు కాదండి."

ఆయన మంచిగానే అన్నారు. నేనే పళ్లు కొరుక్కున్నాను.

ఆదివారం పొద్దున్నే నేనూ పిల్లా ఏలూరు వెళ్లి, అక్కడ కైకలూరు బస్సెక్కి, దిగి ఆటోలో కోటకి చేరాం. మేము వెళ్లేసరికి వలలు లాగడం అయిపోయింది. గట్టు మీద ఒక వరసలో నీలం ట్రేలు, వాటినిండా శీలావతి, బొచ్చె చేపలు. వాసన గుప్పుమంటోంది. ముందు పట్టింది వియ్యంకుడుగారి చెరువు. కానీ లారీ తమ్ముడుగారి వైపు ఆగింది. అంటే ముందు గట్టెక్కిన ట్రేలు లారీకి దూరంగా ఆ చివరన ఉన్నాయి, తర్వాత వచ్చినవి దగ్గరగా ఈ చివరన ఉన్నాయి. అన్నదమ్ములిద్దరూ చెరో పక్కా నిలబడి, ఏమీ పట్టనట్టు ఆకాశం చూస్తున్నారు. ఆకాశం నల్లగా ఉంది.

పిల్ల ఆటో దిగగానే గట్టు మీద ఆ చివరికి పరుగెత్తింది. అది సగం దూరం వెళ్లేలోపే చినుకులు మొదలయ్యాయి. లారీ మీద ట్రేలు సర్దే మనిషి ఆగలేదు.

"వానొచ్చేస్తోందండి, గట్టు జారిపోద్ది. ఇటునుంచే అందించెయ్యండి," అని, అందిన మొదటి ట్రేని పట్టుకుని, "లాభం" అనేశాడు. తమ్ముడుగారి ట్రే అది.

పిల్ల గట్టు మధ్యలో నిలబడిపోయింది. ఆపండి, ఆపండి అని రెండుసార్లు అంది గానీ ఎవరికీ వినపడలేదు. వియ్యంకుడుగారి మొహం చూస్తే ఆ పూట కూడా ఆయన అన్నం తినేలా లేరు. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. చెప్పులు ఒక పక్కన వదిలేసి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని బురదలో దాని దగ్గరికి వెళ్లాను. మధ్యలో ఒకసారి జారాను కూడా. చెరువులో పడకపోవడం మా వారు చేసుకున్న పుణ్యం.

"ఏడవకే. అతను అటునుంచి లెక్కపెట్టుకుంటాడు. నువ్వు ఇటు తాతయ్య వైపునుంచి లెక్కపెట్టు. నీ లాభం నువ్వు అనుకో. ఎవరి లెక్క తప్పుతుందో చూద్దాం."

పందెం అనేసరికి పిల్ల కళ్లు తుడుచుకుంది. ఆ చివరికి వెళ్లి, వాళ్ల తాతయ్య ట్రే ముట్టుకుని గట్టిగా లాభం అంది. అక్కణ్ణించి ఒక్కో ట్రేనీ తడుముతూ లారీ దాకా వచ్చింది. అప్పటికే పైకి వెళ్లిన నాలుగైదు ట్రేలూ లారీ అంచున కనిపిస్తుంటే, వేలు పెట్టి చూపిస్తూ వాటినీ కలుపుకుంది. చివరికి వచ్చిన సంఖ్యని నా చెవిలో చెప్పి, మర్చిపోవద్దంది.

వాన పెద్దదయ్యేలోపు ఎత్తడం అయిపోయింది. లారీ మీది మనిషి తన లెక్క కేకేసి చెప్పాడు. నా చెవిలో పడ్డ సంఖ్యే అది. పిల్ల నా వైపు చూసింది, అతని వైపు చూసింది.

"మీరు చిన్న తాతయ్యది లాభం అన్నారు కదండీ?"

"అవునమ్మా, దగ్గరున్నాయి కదా."

"నేను కోట తాతయ్యది లాభం అన్నాను."

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమ్ముడుగారికి ముందు నవ్వొచ్చింది. "అయితే ఈసారి ఇద్దరికీ లాభమే అన్నయ్యా," అన్నారు. వియ్యంకుడుగారు నవ్వకూడదని చాలా ప్రయత్నించారు.

పిల్లకి ఇంకా సందేహం తీరలేదు. లారీ మీదకి ఎత్తించుకుంది. ఐసు కప్పిన ట్రేలు ఒకదాని మీద ఒకటి, ఎటు చూసినా ఒకేలాగ ఉన్నాయి. "లాభం ట్రే ఏదండీ?" అని అడిగింది. సర్దిన మనిషి ఇటూ అటూ చూసి, తెలీదమ్మా, కలిసిపోయిందన్నాడు. తాతయ్యని అడిగితే ఆయనా వెతికి తేల్చలేకపోయారు. ఇన్నేళ్లుగా లాభం కోసం తగువులాడుకున్నవాళ్లలో ఒక్కరికీ అది లారీ ఎక్కాక ఏమవుతుందో చూడాలని తోచలేదు. పిల్ల టార్పాలిను కప్పేదాకా అక్కడే ఉండి, దిగి వచ్చేసింది. వియ్యంకుడుగారు ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నారు.

తిరుగు బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. ఏలూరు దగ్గరికి వస్తుండగా నా వైపు తిరిగింది.

"మామ్మా, చిన్న తాతయ్యవి ముందు లెక్కపెట్టినా కోట తాతయ్యవి ఒక్క ట్రే కూడా తగ్గలేదు."

"అదేనే తల్లీ నేను ఇన్నాళ్లూ మొత్తుకుంటున్నది."

"నువ్వు పదకొండు అని చెప్పావు. తగ్గదని చెప్పలేదు."

నిజమే, నేను చెప్పలేదు.

సెలవుల ముందు రోజు టీచరుగారు నన్ను కూడా లోపలికి రమ్మన్నారు. పిల్లల బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా కూర్చున్నాను. నా పరీక్షలప్పుడు కూడా అంత భయపడలేదు. టీచరుగారు బోర్డు మీద నాలుగు ప్లస్ తొమ్మిది అని రాశారు. పిల్ల కుడి చెయ్యి ఎత్తింది. నాలుగుతో మొదలుపెడుతుందేమోనని బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. అది తొమ్మిది అంకె వైపు ఒకసారి తల ఊపి, నాలుగే నాలుగు వేళ్లు మడిచింది.

"పదమూడండీ."

ఇంకొకటి రాశారు. అదీ చెప్పింది. మరొకటి రాసేలోపే చెప్పేసింది. టీచరుగారు సుద్దముక్క కింద పెట్టి నవ్వారు.

"మరి నాలుగు ముందుంది కదమ్మా? తొమ్మిదితో ఎందుకు మొదలుపెట్టావు?"

"తొమ్మిదిని ముందు పిలిచినా నాలుగుకి ఏమీ తగ్గదండీ. లారీ ఎక్కాక అన్నీ కలిసిపోతాయి."

లారీ ఏమిటని టీచరుగారు నా వైపు చూశారు. తర్వాత చెబుతానని సైగ చేశాను. రెండో క్లాసులోనే ఉంటుందిలెండి, అన్నారావిడ. సంతోషంతో బెంచీ మీంచి లేచి ఆవిడకి దణ్ణం పెట్టేశాను. నన్నెరిగినవాళ్లు నమ్మకపోవచ్చు గానీ, నిజంగానే పెట్టాను.

ఆవిడ పిల్లని దగ్గరికి తీసుకుని, "ఇంత బాగా నేర్పించారే, మీ వాళ్లెవరెవరమ్మా?" అని అడిగారు. పిల్ల వేళ్లు మడవడం మొదలుపెట్టింది. కోట తాతయ్య, కోట అమ్మమ్మ, అమ్మ, నాన్న, భీమడోలు తాతయ్య. చెయ్యి మారింది. మామ్మ.

ఏ అంకె ముందైనా ఒకటేనని నెలల తరబడి పిల్లకి పాఠం చెప్పినదాన్ని. పెరుగు మీద పప్పు తిన్నదాన్ని. బురదలో జారినదాన్ని. అయినా సరే, ఆ రెండో చెయ్యి ఎత్తగానే లోపల చురుక్కుమంది. ఆ ధర్మం ఇంకా అర్థం కానిది నాకేనని అప్పుడు తెలిసింది. నాకే నవ్వొచ్చింది.

ఇంటికి నడిచి వస్తున్నాం. రైలు గేటు వేసి ఉంటే ఆగాం. గూడ్సు బండి మెల్లిగా వెళుతోంది. పిల్ల నా చెయ్యి పట్టుకుని, అరచెయ్యి పైకి తిప్పింది.

"మామ్మా, ఇప్పుడు అటునుంచి చెబుతాను చూడు. అలా చెప్పినా ఎవరూ తగ్గరు కదా."

నా చిటికెనవేలు మడిచి, "మామ్మ, లాభం," అంది. తర్వాత "భీమడోలు తాతయ్య, రెండు. నాన్న, మూడు. అమ్మ, నాలుగు. కోట అమ్మమ్మ, అయిదు," అని నా వేళ్లన్నీ మడిచింది. కోట తాతయ్య కోసం నా రెండో చెయ్యి అందుకుంది. మొత్తం ఆరుగురే. ఒక్కరూ తగ్గలేదు, పెరగలేదు.

గేటు తీశారు. లెక్కలో ఏమీ మారలేదని తెలిసి కూడా, ఆ చిటికెనవేలు ఇల్లు చేరేదాకా విప్పలేదు.